పడినోడికీ మార్కులుంటాయి!

మంచు మీద ఆడే ఆటకు కొత్త సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? జులై ఒకటో తారీఖున. మన కర్నూలు, కడప జిల్లాల్లో రైతులు మబ్బుల వైపు చూస్తూ, శనక్కాయ విత్తనం ఇప్పుడే వేద్దామా, ఇంకో వానకు ఆగుదామా అని తల పట్టుకునే రోజులవి. సరిగ్గా అప్పుడే ఫిగర్ స్కేటింగ్ సీజన్ మొదలవుతుంది. పెద్ద పండగలన్నీ చలికాలంలో వస్తాయి. జనవరిలో అమెరికా జాతీయ పోటీలు, నాలుగేళ్లకోసారి ఫిబ్రవరిలో ఒలింపిక్స్, మార్చిలో ప్రపంచ చాంపియన్‌షిప్. ఆగస్టు నుంచి నవంబరు దాకా జరిగేవన్నీ వాటికి ముందు వచ్చే చిన్న జాతర్లు. కొత్త పాట, కొత్త అడుగులు, ఇంకా సరిగ్గా కుదరని జంపులు. ప్రేక్షకులు పలచగా ఉంటారు. కొన్నిచోట్ల కోచ్‌లు, తల్లిదండ్రులు తప్ప మరెవరూ వచ్చినట్టు కనిపించరు.

నాకు ఆ జాతర్లంటేనే ఇష్టం. అందులోనూ అమెరికా మగపిల్లల పోటీలు. ఆడపిల్లల స్కేటింగ్ బాగోదని కాదు. ఈ నాలుగైదేళ్లలో అమెరికా మగపిల్లల కథ ఏ డైలీ సీరియలూ ఇవ్వనన్ని మలుపులు తిరిగింది. అందుకని!

'కర్నూల్లో కూర్చుని ఐస్ స్కేటింగా?' అని మా ఆఫీసులో నవ్వని వాళ్లు లేరు. నిజమే. మే నెలలో కొండారెడ్డి బురుజు రాళ్ల మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. మనకు ఐసంటే చెరకురసం బండి దగ్గర గోనెసంచిలో చుట్టిన దిమ్మె. దాని మీద మేకులాంటి దాంతో పొడిస్తే రాలే పలుకులు. అంతే. దాని మీద మనిషి నిలబడటమే వింత. అలాంటిది గాల్లోకి ఎగిరి నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగుతాడంటే మా అవ్వ నమ్మలేదు. ఫోనులో చూపిస్తే కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూసింది. "అంత గిరగిరా తిరిగితే ఆ బిడ్డకు కండ్లు తిరగవా?" అనింది. తిరగకుండా ఉండటానికే ఏళ్లకేళ్లు సాధన అవ్వా అన్నాను.

ఇంతకీ ఈ పిచ్చి నాకు ఎలా అంటుకుందంటే, డ్యూటీలో భాగంగానే. 2022 ఫిబ్రవరిలో బీజింగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. ఆదివారానికి వాటి మీద ఒక పేజీ కావాలన్నారు. క్రికెట్ తప్ప మరో ఆట గురించి రాసిన అనుభవం లేదు నాకు. చదవడం మొదలుపెడితే నేథన్ చెన్ అనే కుర్రాడి దగ్గర ఆగిపోయాను. చైనా నుంచి వలస వచ్చిన కుటుంబం. సాల్ట్‌లేక్ సిటీలో పుట్టాడు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు పతకం ఖాయమనుకున్నవాడుగా వెళ్లి, మొదటిరోజు షార్ట్ ప్రోగ్రామ్‌లో జంపులన్నీ చెడగొట్టుకుని 17వ స్థానంలో పడ్డాడు. మర్నాడు ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్‌లు, అంటే నాలుగు చుట్ల జంపులు వేసి ఆ రోజుకు అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. రెండు రోజులదీ కలిపితే ఐదో స్థానం. అక్కడి నుంచి మూడున్నరేళ్లు అతన్ని ఓడించినవాళ్లు లేరు.

నన్ను పట్టేసింది ఆ విజయాలు కాదు. 2021 అక్టోబరు. లాస్ వెగాస్‌లో స్కేట్ అమెరికా పోటీ. ఒలింపిక్స్‌కు నాలుగు నెలలు కూడా లేవు. అన్నాళ్లూ ఓటమి ఎరగని చెన్ అక్కడ మూడో స్థానానికి జారిపోయాడు. గెలిచింది అదే దేశానికి చెందిన విన్సెంట్ జో. అతనికి 295.56 మార్కులు, చెన్‌కు 269.37. ఇంక చెన్ పని అయిపోయిందన్నట్టు రాసినవాళ్లూ ఉన్నారు. తీరా ఫిబ్రవరిలో బీజింగ్‌లో ఏమైంది? చెన్ షార్ట్ ప్రోగ్రామ్‌లో 113.97తో ప్రపంచ రికార్డు పెట్టి, మొత్తం 332.60తో బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. అక్టోబరులో గెలిచిన జోకు కొవిడ్ పాజిటివ్ వచ్చింది. వ్యక్తిగత పోటీలో మంచు మీద కాలు పెట్టనేలేదు. గదిలోనే ఉండిపోయాడు.

అక్టోబరులో మూడో ర్యాంకు. ఫిబ్రవరిలో స్వర్ణం. ఈ రెండింటి మధ్య ఏం జరిగింది? అదే నాకు అసలు కథ అనిపించింది. ఆ ఏడాది సెప్టెంబరు వచ్చేసరికి పెద్ద పోటీల కోసం ఆగకుండా చిన్న పోటీల నుంచే చూడటం మొదలుపెట్టాను.

అన్నట్టు, ఈ ఆటకు మన దగ్గర చుట్టమే లేదనుకోకండి. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ ఉన్నాడు. మంచు లేదు కాబట్టి చక్రాల మీద. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అంటారు. అవే జంపులు, అవే పేర్లు, అవే స్పిన్‌లు. కింద బ్లేడు బదులు చక్రాలు ఉంటాయి, అంతే తేడా. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అతను రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. ఒకటి ఒంటరిగా, రెండోది అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు కూడా వచ్చింది. మన ఇళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? గట్టి నేల మీద చక్రాలతో గాల్లోకి లేచి దిగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పడితే మంచు మీదలా జారిపోవడం ఉండదు. చర్మం లేచిపోతుంది.

సరే, 2022 సెప్టెంబరుకు వద్దాం. బీజింగ్ తర్వాత చెన్ యేల్ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వెళ్లిపోయాడు. జో కూడా పోటీలకు దూరంగా ఉన్నాడు. కుర్చీలు ఖాళీ. ఆ ఖాళీలోకి వచ్చినవాడు పదిహేడేళ్ల ఇలియా మాలినిన్. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకప్పుడు ఉజ్బెకిస్థాన్ తరఫున ఒలింపిక్స్‌లో స్కేటింగ్ చేసినవాళ్లే. ఇప్పుడు వర్జీనియాలో కోచ్‌లు. ఈ కుర్రాడు 2022 జనవరిలో జాతీయ పోటీల్లో రెండోస్థానం తెచ్చుకున్నా ఒలింపిక్స్ జట్టులోకి తీసుకోలేదు. అనుభవం ఉన్నవాళ్లకే ఓటేశారు. రెండోవాడుగా వచ్చీ ఇంట్లో కూర్చుని ఒలింపిక్స్ టీవీలో చూడాల్సి వస్తే ఎలా ఉంటుందో మన పోటీ పరీక్షల పిల్లల్ని అడగాలి.

లేక్ ప్లాసిడ్ అని న్యూయార్క్ రాష్ట్రంలో కొండల మధ్య చిన్న ఊరు. 1932లో, 1980లో శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు. ఆ సెప్టెంబరులో అక్కడ సీజన్ తొలి పోటీల్లో ఒకటి జరిగింది. షార్ట్ ప్రోగ్రామ్‌లో మాలినిన్‌కు 71.84 మార్కులే వచ్చాయి. వాడి స్థాయికి అది చాలా తక్కువ. తర్వాత ఫ్రీ స్కేట్. సెప్టెంబరు 14 అక్కడ, మనకు పదిహేను. ఆ రోజు వాడు క్వాడ్ యాక్సెల్ వేశాడు. పోటీలో ఆ జంప్‌ను సరిగ్గా దిగిన మొదటి మనిషి ప్రపంచంలో వాడే.

క్వాడ్ యాక్సెల్ ఎందుకంత గొప్ప? మిగతా జంపులన్నీ వెనక్కి జారుతూ ఎగురుతారు. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరి, వెనక్కి తిరిగి దిగుతారు. అందుకని అరచుట్టు ఎక్కువ. నాలుగు కాదు, నాలుగున్నర చుట్లన్నమాట. అదంతా సెకను నిండేలోపు! 1882లో ఆక్సెల్ పాల్సెన్ అనే నార్వేవాడు మొదలుపెట్టిన జంప్ ఇది. అప్పుడు ఒకటిన్నర చుట్టు. నాలుగున్నరకు చేరడానికి 140 ఏళ్లు పట్టింది. జపాన్ మహానుభావుడు యుజురు హన్యూ బీజింగ్‌లో దీని కోసమే పడ్డాడు. నిజంగానే పడ్డాడు. రెండు ఒలింపిక్ స్వర్ణాలున్నవాడు, మూడోదాని మీద ఆశ పక్కన పెట్టి ఆ జంప్ వేయబోయి కిందపడి, నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

లేక్ ప్లాసిడ్ వీడియో నేను ఆఫీసుకు వెళ్లేముందు ఉగ్గాని తింటూ చూశాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నాకు బాగా నచ్చింది ఆ జంప్ కాదంటే నమ్మరు. ఎక్కడ వేశాడో అది. అంతటి జంప్‌ను దాచిపెట్టుకుని ఏ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనో వేయొచ్చుగా? వేయలేదు. సెప్టెంబరులో, పెద్దగా ఎవరూ చూడని చోట వేసి చూసుకున్నాడు. పడితే పడతాం. పడటానికి అదే సరైన చోటు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా అక్క కడపలో ఉంటుంది. ఆమె కొడుకు ఆ ఏడాదే పది పూర్తిచేసి ఇంటర్ ఎంపీసీలో చేరాడు. ఇంటికి దూరంగా, పేరున్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పేరు అవసరం లేదు. అలాంటివి మీకు డజను తెలిసే ఉంటాయి. పొద్దున ఐదున్నరకు లేపడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, వారం వారం పరీక్ష. పరీక్షకు మర్నాడు ర్యాంకుల జాబితా గోడకు. ర్యాంకు తగ్గితే సెక్షన్ మారుస్తారు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు పుస్తకాలు, పరుపు మోసుకుంటూ వెళ్లాలి. అందరూ చూస్తుండగా!

దసరా సెలవులకు మావాడు ఇంటికొచ్చాడు. నేను కర్నూలు నుంచి కడప బస్సెక్కి వెళ్లాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటేదాకా వాడికి ఏ సినిమా చూపిద్దామా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఇంట్లోకి అడుగుపెడితే వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎప్పుడూ 'చిన్నమ్మా' అని గేటు దాకా పరిగెత్తి వచ్చేవాడు. కారం దోసె తెప్పిస్తే సగం తిని పక్కన పెట్టాడు. అడిగితే "ఏం లేదు" అంటాడు. మూడు నెలల్లో రెండుసార్లు సెక్షన్ మారాడని అక్క వంటింట్లో చెప్పింది. రాత్రుళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాడని కూడా చెప్పింది.

నాకు భయమేసింది. నేను పనిచేసేది పత్రికలో. అలాంటి పిల్లల వార్తలు మా డెస్కు మీదికి ఎన్ని వచ్చాయో, ఎన్నింటిని రెండు పేరాలకు కుదించి పేజీలో సర్దారో నాకు తెలుసు. ఆ వార్తలన్నిట్లోనూ ఇంట్లోవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే. 'బాగానే ఉన్నాడనుకున్నాం.'

నేను వాడికి ధైర్యం చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. మిద్దె మీద పక్కన కూర్చుని ఫోను తీసి లేక్ ప్లాసిడ్ వీడియో పెట్టాను. ముందు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఇంకో అబ్బాయిది చూపించాను, ధడేల్‌మని పడ్డాడు. లేచి, పాట ఎక్కడుందో అందుకుని, తర్వాతి జంప్‌కు వెళ్లిపోయాడు. అప్పుడు మావాడు నోరు తెరిచాడు.

"చిన్నమ్మా, పడినాడే, వానికి సున్నానా?"

"యాడ సున్నా! మార్కులుంటాయి."

"పడినోడికి గూడా మార్కులేస్తారా?"

అప్పుడు మార్కుల షీటు తీశాను. స్కేటింగ్‌లో నాకు అన్నింటికన్నా నచ్చే వస్తువు అదే. ప్రతి పోటీ అయిపోగానే ప్రతి ఆటగాడిదీ విడిగా ఒక షీటు బయటపెడతారు. ఎవరైనా చూడొచ్చు. ఒక్కో జంప్‌కూ ఒక్కో వరుస. ఎడమవైపు దాని అసలు విలువ. పక్కన తొమ్మిది మంది జడ్జీలు ఎవరికి వారు ఇచ్చిన అంకె, మైనస్ ఐదు నుంచి ప్లస్ ఐదు దాకా. అందులో అన్నింటికంటే పెద్దదీ చిన్నదీ తీసేసి మిగతావాటికి సగటు. చుట్టు కాస్త తగ్గితే ఒక గుర్తు, సగానికి సగం తగ్గితే ఇంకో గుర్తు. జడ్జీల పక్కన వేరే ఒక బృందం ఉంటుంది. ఆ గుర్తులు పెట్టడం వాళ్ల పని.

ఆ సీజన్లో క్వాడ్ యాక్సెల్ విలువ 12.50. చుట్లన్నీ పూర్తిగా తిరిగి, దిగేటప్పుడు కిందపడ్డాడనుకుందాం. జడ్జీలంతా మైనస్ ఐదు వేస్తారు. దాంతో సగం విలువ పోతుంది, 6.25. పడినందుకు ఇంకో మార్కు కోత. ఎంత మిగిలింది? 5.25. అదే భయపడి డబుల్ యాక్సెల్ వేసి శుభ్రంగా దిగితే? దాని విలువే 3.30.

మావాడు లెక్క రెండుసార్లు వేసుకున్నాడు. లెక్కల్లో చురుకైనవాడే. "అంటే పెద్దది వేసి పడినా, చిన్నది వేసి నిలబడినదానికంటే ఎక్కువేనా?" అన్నాడు. చుట్లు పూర్తయితేనే అన్నాను. తిరగకుండా పడితే అదీ లేదు. కొంచెం సేపటికి వాడే చెప్పుకొచ్చాడు. వారం పరీక్షల్లో నెగెటివ్ మార్కుల భయంతో సగం ప్రశ్నలు ముట్టుకోవడమే మానేశాడట. తెలిసినవి కూడా! ర్యాంకు చెప్తారు గానీ ఎక్కడ తప్పు పోయిందో కూర్చుని చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదట. "మాకు షీటు ఇయ్యరు చిన్నమ్మా, నంబరు మాత్రమే ఇస్తారు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నిజం చెప్పాలంటే నెగెటివ్ మార్కులు ఉండటంలో తప్పేమీ లేదు. జేఈఈలో ఉన్నాయి, స్కేటింగ్‌లోనూ ఉన్నాయి. తేడా ఎక్కడంటే, అక్కడ సెప్టెంబరుకూ ఫిబ్రవరికీ వేరు వేరు పనులున్నాయి. ఇక్కడ మనవాళ్లు వారం వారం ఫిబ్రవరి పెడుతున్నారు.

సెలవులు పెరిగాయి. అంటే మావాడే పెంచుకున్నాడు. వెళ్లనని కూర్చున్నాడు. బావకు కోపం వచ్చింది. పాపం ఆయన్ను అనడానికి లేదు. చిన్న బట్టల దుకాణం. ఏడాది ఫీజు అప్పుచేసి కట్టాడు. "ఏమ్మా, ఆటలు చూపిచ్చి వాన్ని చెడగొడతాండావా?" అని నన్నూ అన్నాడు. అక్క ఏడ్చింది. అవ్వ మాత్రం "బిడ్డ నిద్రపోతాండాడా లేదా, అది సూడండి ముందు" అనింది. ఇంట్లో తేలని పంచాయితీ అయిపోయింది.

ఈ గొడవల మధ్యే దీపావళికి ముందు వారాంతం బోస్టన్ పక్కన నార్‌వుడ్‌లో స్కేట్ అమెరికా వచ్చింది. నేను కర్నూల్లో, మావాడు కడపలో, చెరో ఫోనులో. మాలినిన్ మళ్లీ షార్ట్‌లో వెనకబడ్డాడు. మళ్లీ ఫ్రీలో పైకి లేచి గెలిచాడు, 280.37తో. షీటు బయటికి రాగానే మావాడు నాకంటే ముందే చదివేశాడు. ఏ వరుసలో ఏ గుర్తుందో వాట్సాప్‌లో పెట్టాడు. మూడు నెలల తర్వాత వాడంతట వాడు పంపిన మొదటి మెసేజ్ అది. నవంబరులో ఫిన్లాండ్‌లో ఎస్పూ, డిసెంబరులో ఇటలీలో టూరిన్. ఫైనల్‌కు వచ్చేసరికి మాలినిన్ మూడో స్థానం. జపాన్ షోమా ఉనో గెలిచాడు.

ఆ సీజన్లో నా మనసు దోచింది మాత్రం జేసన్ బ్రౌన్. అప్పటికే ఇరవై ఏడేళ్లు. క్వాడ్‌లు వాడి చేతికి అందలేదు. అయినా పాటకూ కాలికీ మధ్య వెంట్రుక దూరనంత అతుకు. అందరూ చుట్ల వెంట పడుతుంటే అతను తనకు వచ్చిన పనిని నగిషీ పట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ ఏడాది గ్రాండ్‌ప్రి పోటీలకు రాకుండా ఊరుకుని, జనవరిలో నేరుగా జాతీయ పోటీలకు వచ్చి రెండోస్థానం, మార్చిలో సైతామాలో ప్రపంచంలో ఐదోస్థానం. మావాడికి బ్రౌన్ నచ్చడు. "సేఫ్ ఆట" అంటాడు. ఈ విషయంలో మాకు ఇప్పటికీ రాజీ లేదు.

ఇంతకీ పంచాయితీ ఏమైందంటారా? బావే ఒకరోజు పొద్దున్నే లేచి బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్లాడు. వాడి పెట్టె, పరుపు తెచ్చేశాడు. కట్టిన డబ్బులు తిరిగి రాలేదు. ఎందుకు మనసు మార్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. కడపలోనే ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీలో చేర్పించాడు. మావాడు కొన్నాళ్లు పరీక్షలకు తనే షీటు గీసుకున్నాడు. ప్రశ్నకో వరుస. సూత్రం సరైనదా, లెక్క తప్పా, అసలు ముట్టుకోలేదా అని మూడు గుర్తులు. రెండు నెలలు చేసి బద్ధకించి మానేశాడు. ఐఐటీ రాలేదు. పెద్ద ర్యాంకూ రాలేదు. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అన్నం తింటున్నాడు. గేటు దాకా పరిగెత్తి రాడు గానీ, ఆ వయసు దాటిపోయింది కదా.

మంచు మీది కథలన్నీ ఇలా తేలిగ్గా ముగియవు. 2025 జనవరి 29 రాత్రి విచిటా నుంచి వాషింగ్టన్ వస్తున్న విమానం సైనిక హెలికాప్టర్‌ను ఢీకొని పొటోమాక్ నదిలో పడింది. 67 మంది పోయారు. వాళ్లలో 28 మంది స్కేటింగ్‌కు సంబంధించినవాళ్లే. చిన్న పిల్లలు, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లిన తల్లిదండ్రులు, కోచ్‌లు. నార్‌వుడ్ క్లబ్బు ఒక్కటే ఆరుగురిని పోగొట్టుకుంది. ఆ ఆరుగురిలో కోచ్‌లుగా పనిచేస్తున్న భార్యాభర్తలు ఎవ్‌గెనియా షిష్కోవా, వాదిమ్ నౌమోవ్ ఉన్నారు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు మాక్సిమ్ నౌమోవ్ అప్పటికి కొద్దిరోజుల ముందే విచిటాలో జాతీయ పోటీల్లో నాలుగో స్థానం తెచ్చుకుని ఇంటికి చేరాడు.

ఆ సెప్టెంబరులో సీజన్ మొదలైనప్పుడు నేను వెతికింది మాలినిన్ పేరు కాదు, ఈ అబ్బాయి పేరే. అమ్మానాన్నలే కోచ్‌లైన ఇంట్లో వాళ్లిద్దరూ లేకుండా కొత్త పాట ఎవరు ఎంచుతారు? పొద్దున్నే రింకుకు ఎవరు లేపుతారు? 2026 జనవరిలో సెయింట్ లూయిస్‌లో అతను మూడోస్థానం తెచ్చుకుని ఒలింపిక్ జట్టులోకి వచ్చాడు. మార్కుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు చేతిలో చిన్నప్పుడు అమ్మానాన్నలతో దిగిన ఫొటో. అది చూసి మా అక్క టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

ఆ ఒలింపిక్స్ మిలాన్‌లో. అప్పటికి మాలినిన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్. రెండేళ్లకు పైగా వ్యక్తిగత పోటీల్లో ఓటమి లేదు. 2025 శరత్తులో ఫ్రాన్స్, కెనడా, డిసెంబరులో నగోయా, అన్నీ అతనివే. టీమ్ పోటీలో అమెరికాకు స్వర్ణం కూడా వచ్చింది. వ్యక్తిగత పోటీలో షార్ట్ తర్వాతా అతనే ముందున్నాడు. ఫ్రీ స్కేట్ మనకు అర్ధరాత్రి దాటాక. నేను కర్నూల్లో దీపం ఆర్పి ఫోను పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు పడ్డాడు. నాలుగున్నర చుట్లు తిరగాల్సిన క్వాడ్ యాక్సెల్ దగ్గర గాల్లో చేతులు విడిపోయి ఒకటిన్నరకే దిగిపోయాడు. ఎనిమిదో స్థానం! బంగారం కజకిస్థాన్ కుర్రాడు మిఖాయిల్ షైదొరోవ్‌కు. అక్టోబరులో పడి ఫిబ్రవరిలో గెలిచిన చెన్‌ను చూశాను. ఇతను సరిగ్గా తలకిందులు.

ఫోను మోగింది. మావాడు హాస్టల్ నుంచి. ఎవరైనా లేస్తారని గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"చిన్నమ్మా, షీటు వచ్చిందా?"

వచ్చిందన్నాను. ఇద్దరం చదివాం. ఏ జంప్ పోయింది, ఏ చుట్టు తగ్గింది, ఏది నిలబడింది, పడిన తర్వాత వచ్చిన జంపులో జడ్జీలు ప్లస్ ఎక్కడ వేశారు. వరుస వరుస. పది నిమిషాలు పట్టింది. తర్వాత వాడు పొద్దున ల్యాబ్ ఉందని పెట్టేశాడు.